మట్టి క్రింది మిట్టపల్లములు
(సదుం ప్రాంత పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగము)



వాన అంతటను కురియును. చరియ ఒకచోటనే జారును. ఏల? మట్టి క్రింద మరియొక నేల యున్నది. మన ఎఱ్ఱమట్టి క్రింద గరుసు, దాని క్రింద రాయి. ఆ రాతికిని మిట్టపల్లములు గలవు. పూర్వపు వంక పూడినను దాని పల్లము పోదు. ఇంకిన నీరు అచ్చటికే చేరును. అచ్చటి బంకమట్టి నాని, పట్టు విడిచి, రాతి వాలు వెంట జారును. రాతిమిట్ట అడ్డుపడినచోట నిలుచును, లేదా ప్రక్కకు మరలును.

నార్వే దేశమున జెర్‌డ్రమ్ వద్ద 2020 డిసెంబరు 30న బంకమట్టి నేల జారి 10 మంది మరణించిరి. చిన్నవాగు వాలు అడుగును కోసివేయుటయే ముఖ్యకారణమని నిపుణుల సంఘము తేల్చినది. అది సముద్రము విడిచిన బంకమన్ను. మనది అట్టిది కాదు. అయినను అడుగు తెగిన వాలు నిలువదను నియమము ఎల్లెడల ఒక్కటే.

కావున చరియను త్రవ్వుటకు, ఇండ్ల స్థలము లిచ్చుటకు ముందు వంక పూర్వ మెటు పారెనో వృద్ధుల నడుగుదము. రాయి ఎంత లోతున తగిలెనో బావులు త్రవ్వినవారి నడుగుదము. వాలుపై బీటయో, క్రొత్త ఊటయో, ఒరిగిన చెట్లో కనబడినచో దిగువ ఇండ్లవారిని వెంటనే తరలింతము. పేదవానికి పట్టా పేర పాతవంక నిచ్చుట మేలు కాదు.