‘సర్వర్ డౌన్’ అంటే తిరిగి రావద్దు, నంబరు అడుగుదాం

(నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన తాతలు పహాణీ నకలు కోసం పోతే ‘పట్వారి సారు ఊళ్ళె లేడు, రేపు రా’ అనేవారు. పటేల్, పట్వారీ వ్యవస్థ పోయి నలభై ఏళ్ళయింది. ఇప్పుడు కంప్యూటర్ ముందు నిలబడితే ‘సర్వర్ లేదు, రేపు రా’ అంటున్నారు. మాట మారింది గాని తిరిగే కాళ్ళు మనవే.

2020 అక్టోబర్ 29న ధరణి మొదలైంది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. పీఎం కిసాన్ పైసలు పడాలంటే ఈకేవైసీ చేయాలి. 2025 సీజన్ నుంచి సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ తీసుకోవాలి. ఈ పద్ధతులు మంచివా, చెడ్డవా అనేది ఇంకో రోజు మాట్లాడుకుందాం. తెర మీద పని ఆగినప్పుడు అక్కడ కనబడే నంబరును ఎట్లా చదవాలో మాత్రం ఈ రోజు తెలుసుకుందాం. మేము పదో తరగతి దాకా చదివినవాళ్ళం. ఈ నంబర్లు మాకూ తెలియకపోయేవి. ఊళ్ళో ఇంజనీరింగ్ చదివిన పిల్లలను కూర్చోబెట్టుకుని నేర్చుకున్నాం.

ఎందుకు నేర్చుకోవలసి వచ్చిందో చెప్తాం. మా సంఘం సభ్యురాలు ఒక అక్క, రెండెకరాల రైతు. ఒక పథకం దరఖాస్తు కోసం మూడు రోజులు ఆన్‌లైన్ కేంద్రానికి తిరిగింది. మూడు రోజులూ ‘సర్వర్ డౌన్’ అన్నారు. మూడోనాడు సాయంత్రం గడువు పోయింది. తర్వాత ఆమె కొడుకు ఫోన్లో తీసిన ఫొటోలు చూశాం. మొదటి రెండు రోజులు తెర మీద 503 ఉంది. మూడోనాడు ఏ నంబరూ లేదు, ‘పేరు సరిపోలలేదు’ అని ఉంది. అంటే ఆ రోజు సర్వర్ పనిచేస్తూనే ఉంది! ఆధార్‌లో ఇంటిపేరు ఒక తీరు, పాసు పుస్తకంలో ఇంకో తీరు ఉండటమే అసలు సమస్య. మొదటి రెండు రోజుల తప్పు ఆమెది కాదు. మూడోనాటి తప్పు సరిచేసుకునేదే, కానీ ఎవరూ చెప్పలేదు. రెంటినీ ఒక్క మాటతో కప్పేశారు. ఆ అక్కకు మూడు రోజుల కూలి పోయింది, ఆటో పైసలు పోయాయి, చివరికి పథకమూ పోయింది.

సర్వర్ అంటే ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్. మన ఫోను దానికి అర్జీ పెడుతుంది, అది జవాబిస్తుంది. ప్రతి జవాబుకూ మూడంకెల నంబరు వేస్తుంది. పని సక్రమంగా అయితే 200 వేస్తుంది. అది మనకు కనబడదు, పేజీ తెరుచుకుంటుంది. పని ఆగితేనే నంబరు బయటపడుతుంది. ఈ నంబర్లు ఏ ఆపరేటరో పెట్టినవి కావు. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ, ఆయన తోటివారు 1996లో ప్రకటించిన నియమాల్లోనే వీటిలో చాలావరకు ఉన్నాయి. దేవరకొండలో వచ్చిన 503కూ ఢిల్లీలో వచ్చిన 503కూ అర్థం ఒక్కటే.

ముందుగా మొదటి అంకె చూడండి. 5తో మొదలైతే తప్పు సర్వర్ వైపు ఉన్నట్టు. ఆ మాట సర్వరే ఒప్పుకుంటున్నది. 4తో మొదలైతే ‘మీరు పంపిన అర్జీలో తేడా ఉంది’ అని సర్వర్ అంటున్నది.

5 సంగతి చూద్దాం. 500 అంటే లోపల ప్రోగ్రాం తప్పింది. 503 అంటే సర్వర్ ఇప్పుడు పని తీసుకోలేదు, లోడు ఎక్కువైంది, లేదా మరమ్మతు కోసం ఆపారు. ఆటో స్టార్టర్ల సంగతి మనకు తెలిసిందే. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. స్లాట్లు తెరిచిన నిమిషంలో, గడువు చివరి రోజున జరిగేది అదే. అయితే రైతులు ఎందరున్నారో, చివరి తేదీ ఎప్పుడో పెట్టినవాళ్ళకు ముందే తెలుసు. లోడు తెలిసీ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడితే, కాలినప్పుడు రైతుది తప్పు ఎట్లా అవుతుంది? మనం కూడా ఒక జాగ్రత్త పడాలి. 503 వచ్చినప్పుడు అదే పనిగా నొక్కితే లోడు ఇంకా పెరుగుతుంది. కొంతసేపు ఆగి మళ్ళీ చూడాలి.

502, 504 నడుమ ఉన్న సర్వర్ వేసే నంబర్లు. మన అర్జీ ఒక్క చోటికే పోదు. ఆధార్ చూడటానికి ఒక సర్వర్, పైసలు కట్టడానికి బ్యాంకు సర్వర్ ఉంటాయి. అటు నుంచి తప్పుడు జవాబు వస్తే 502, సమయానికి జవాబే రాకపోతే 504. పైసలు కట్టేటప్పుడు 504 వస్తే వెంటనే రెండోసారి కట్టొద్దు. జవాబు రాలేదంటే పని కాలేదని కాదు. వెనక పైసలు కట్ అయి ఉండవచ్చు. ముందు బ్యాంకు మెసేజ్ చూసి, లావాదేవీ నంబరు రాసిపెట్టుకోవాలి. యూపీఐతో చెల్లించినప్పుడు మన ఖాతాలో కోత పడి, అమ్మినవారికి ధృవీకరణ చేరకపోతే, ఐదు రోజుల్లో సొమ్ము తిరిగి జమ కావాలని రిజర్వు బ్యాంకు 2019లో ఆదేశించింది. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది.

ఇక 4 సంగతి. 400 అంటే పంపిన వివరాలు సర్వర్‌కు అర్థం కాలేదు. 401 అంటే లాగిన్ కాలేదు, లేదా దాని సమయం అయిపోయింది. 403 అంటే అనుమతి లేదు. 404 అంటే అడిగిన పేజీ అక్కడ లేదు. 429 అంటే తక్కువ సమయంలో ఎక్కువసార్లు అడిగారు. ఓటీపీ కోసం పదేపదే నొక్కితే ఇట్లా రావచ్చు, కాసేపు ఆగాలి. అయితే 4 వచ్చిన ప్రతిసారీ తప్పు రైతుదే అని ఒప్పుకోవద్దు. సైటు మార్చి పాత లింకును అట్లే వదిలేస్తే మనకు 404 వస్తుంది. ఆ తప్పు సైటు నడిపేవాళ్ళదే.

నంబరు లేని ఆటంకాలు రెండు రకాలు. ‘సైటుకు చేరలేకపోయాం’ అని ఫోను చెప్తే, అర్జీ సర్వర్ దాకా పోలేదన్నట్టు. ముందు సిగ్నల్ చూసుకోవాలి, పక్కవాళ్ళ ఫోనులో వేరే కంపెనీ సిమ్‌తో ప్రయత్నించాలి. ‘పేరు సరిపోలలేదు’, ‘సర్వే నంబరు లేదు’ అని మాటల్లో వస్తే, సర్వర్ బాగానే ఉంది, రికార్డులో తేడా ఉంది. దాని కోసం పది రోజులు కంప్యూటర్ ముందు కూర్చున్నా లాభం లేదు. పేరు తేడా ఆధార్‌లో ఉంటే ఆధార్ కేంద్రానికి, భూమి రికార్డులో ఉంటే తహసీల్దార్ కార్యాలయానికి పోవాలి.

మరి మనం ఏం చేయాలి? ‘సర్వర్ డౌన్’ అనగానే లేచి రావద్దు. ‘బిడ్డా, ఆ తెర ఇటు తిప్పు, నంబరెంతో చూద్దాం’ అనాలి. ఆపరేటర్ మీద కోపం వద్దు, అతనూ మనలాగే ఎదురుచూసేవాడు. తెర ఫొటో తీయాలి. తేదీ, సమయం, ఏ పని మీద పోయామో కాగితం మీద రాయాలి. నంబరు 5తో మొదలైతే, గడువు దాటకముందే సంబంధిత కార్యాలయంలో ఇట్లా అర్జీ ఇవ్వాలి: ‘ఫలానా తేదీన, ఫలానా సమయానికి దరఖాస్తు చేస్తుండగా 503 వచ్చింది. ఫొటో జతచేశాను. నేను గడువులోపే వచ్చినట్టు నమోదు చేసి, నా దరఖాస్తును కాగితం మీద తీసుకోగలరు.’ అందినట్టు ముద్ర వేయించుకోవాలి. అక్కడ తీసుకోకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంది.

ఇంకో సంగతి. సర్వర్ తాను ఇచ్చిన జవాబులను, నంబరుతో, సమయంతో, మామూలుగా లాగ్ అనే చిట్టాలో రాసుకుంటుంది. ఫలానా తేదీల్లో సేవ ఎన్ని గంటలు ఆగిందో చెప్పమని 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒక్కరి ఫొటోను పక్కన పెట్టేస్తారేమో గాని, ఒకే రోజు యాభై ఊళ్ళ నుంచి వచ్చిన ఫొటోలను పక్కన పెట్టలేరు. అందుకే ప్రతి గ్రామ కమిటీ ఒక నోటుబుక్కు పెట్టాలి.

గడువు పొడిగించమని అడగడం గొంతెమ్మ కోరికేం కాదు. 2016 జూన్ 7 రాత్రి, రిఫరెండానికి ఓటరు నమోదు చివరి గంటల్లో బ్రిటన్ ప్రభుత్వ సైటు కుప్పకూలింది. అక్కడి ప్రభుత్వం నిబంధన మార్చి గడువును 48 గంటలు పొడిగించింది. మన దేశంలో 2025 సెప్టెంబర్ 15తో ముగియాల్సిన ఆదాయపు పన్ను రిటర్నుల గడువును, పోర్టల్ మీద ఫిర్యాదులు వచ్చిన తర్వాత, ఒక రోజు పెంచారు. పన్ను కట్టేవారికి ఇచ్చిన వెసులుబాటు పత్తి పండించేవారికి ఎందుకు ఇవ్వరు?

కాబట్టి మన డిమాండ్లు ఇవి. సర్వర్ ఆగినన్ని రోజులు గడువు దానంతటదే పెరగాలి. ఆన్‌లైన్ ఆగిన రోజు కాగితం దరఖాస్తు తీసుకోవాలి. తెర మీద తప్పు ఏమిటో తెలుగులో కనబడాలి, ఎక్కడికి పోవాలో కూడా అందులోనే ఉండాలి. ప్రతి కేంద్రం ముందు, సేవ ఏ రోజు ఎంతసేపు ఆగిందో బోర్డు మీద రాయాలి.

ఆ అక్క దరఖాస్తు కోసం కొట్లాట ఇంకా నడుస్తున్నది. ఫొటోలు ఉండబట్టే నడుస్తున్నది. ఊళ్ళకు పోయినంక ఇవి పదిమందికి చెప్పండి. వచ్చే సమావేశానికి మీ గ్రామ నోటుబుక్కులు తీసుకుని రండి.

సెలవు.