భయపెట్టని దయ్యములు

దయ్యపు కథ యనగానే ఒడలు జలదరింపవలెనని చాలమంది తలంపు. అన్ని కథలును అట్టివి కావు. ఉత్తరమున మస్సూరీ కొండలలో నివసించి కథలు వ్రాసిన రస్కిన్ బాండ్ దయ్యములు తరచు భయము కంటె ఒంటరితనమునే కలిగించును. మన కొండల నడుమ సయితము అట్టి కథ యొకటి కలదు.

హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున లేపాక్షి యున్నది. 16వ శతాబ్దమున, అచ్యుతదేవరాయల కాలములో, విరూపణ్ణ, వీరణ్ణ యను సోదరులు అచ్చటి వీరభద్రాలయమును కట్టించిరి. విరూపణ్ణ పెనుకొండలో రాజోద్యోగి. అనుమతి లేక బొక్కసపు ధనమును గుడికి వెచ్చించెనని నేరము మోపి, కనులు పెరికింపుడని రాజు ఆజ్ఞాపించెనట. విరూపణ్ణ ఆ శిక్షను తన చేతులతో తానే విధించుకొని, కనులను గోడకు విసరెనట. కల్యాణమండపము నేటికిని కప్పు లేక అసంపూర్తిగానే నిలిచియున్నది. ఆ చేరువ గోడమీది రెండు ఎఱ్ఱని మరకలను ఊరివారు యాత్రికులకు చూపుచుందురు.

ఆ మరకలు దేనివో తేల్చుట రసాయనజ్ఞుల పని. అవి ఎవరివని ప్రజలు నమ్మిరో మనము గమనింపవలెను. రాజు తీర్పును ప్రజలు మార్చలేకపోయిరి. కాని కథ చెప్పి, శిక్ష పడినవాని పక్షమున నిలిచిరి. ఈ కథలో ప్రేతము నడవదు, పిలువదు. చూపు పోయినవాడు గోడనుండి మనలను చూచుచుండును, అంతే.

1565లో తళ్లికోట యుద్ధము ముగిసిన పిదప తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా చేసికొనెను. తరువాత ఆ వైభవమును చంద్రగిరికి తరలిపోయినది. కొండ క్రింద గగనమహలు మిగిలినది. రాజులు విడిచిన ఊళ్లలో సాయంకాలములు నిశ్శబ్దముగా నుండును. కథలకు అట్టి వేళలే అనువైనవి.

ఇక ధర్మవరము. లేపాక్షి స్తంభములమీది లతలను అచ్చటి నేతవారు పట్టుచీరలపైకి ఎక్కించిరి. పెండ్లిపందిటిలో ఆ అంచు మెరసినప్పుడు విరూపణ్ణ కట్టించిన గుడి మన యింటికి వచ్చినట్లే. ఇంతకంటె సౌమ్యమైన ప్రేతమును మేము ఎఱుగము.

నేడు లేపాక్షికి పోవువారు వ్రేలాడు స్తంభము క్రింద గుడ్డ దూర్చి చూచి, చిత్రము తీసికొని మరలుచున్నారు. పిల్లలను ఆ గోడ యొద్దకును తీసికొనిపొండు. భయపెట్టక, నెమ్మదిగా, ఆ కథ చెప్పుడు. చెప్పువారు లేనినాడు అవి వట్టి మరకలే యగును.