ఆకాశమునుండి దిగినవారికి తల తిరుగుట
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



నేటి ప్రసంగ విషయము కొందఱికి వింతగా తోచవచ్చును. విమానమునుండి పారాచూటుతో దూకినవారికి పిదప తల తిరుగుట, ఒడలు తూలుట ఎందువలన కలుగును, దానికేమి చేయవలెను అనునదే ఆ విషయము. ఎన్.సి.సి.లో చేరిన విద్యార్థులలో ఎంపికైనవారికి ఆగ్రా నగరమున వైమానిక దళమువారి శిక్షణాలయములో ఈ విద్య నేర్పుదురు. వినోదార్థము దూకువారును నేడు మన దేశమున కలరు. దూకుటకు వలయు ధైర్యమును గూర్చి చెప్పువారు పెక్కుమంది. దిగిన పిమ్మట వచ్చు బాధను గూర్చి చెప్పువారు తక్కువ. అందుచేతనే మేము దీనిని ఎన్నుకొన్నాము.

మొదట మాటలను వేఱుపఱచుకొందము. తల తిరుగుచున్నదని మనము మూడు వేర్వేఱు బాధలను ఒకే మాటతో చెప్పుచుందుము. పరిసరములు గిరగిర తిరుగుచున్నట్లు తోచుట ఒకటి. కన్నులు చీకట్లు క్రమ్మి సొమ్మసిల్లునట్లుండుట రెండవది. అడుగు నిలువక తూలుట మూడవది. వైద్యుడు మొదట అడుగునది ఇదియే. మొదటిది సాధారణముగా చెవికి సంబంధించినది. రెండవది ఉపవాసము, దాహము, ఎండ, భయముచేత వేగముగా ఊపిరి తీయుట మొదలగు కారణములవలన కలుగును.

చెవికిని, తల తిరుగుటకును సంబంధమేమని మీరడుగవచ్చును. లోచెవియందు ఒక్కొక్క ప్రక్కను మూడేసి అర్ధవృత్తాకారపు నాళములు కలవు. వానిలో ద్రవము నిండియుండును. మన ఆడపిల్లలు ఒప్పులకుప్ప ఆడి చటుక్కున నిలిచినప్పుడు ఏమగును? కాళ్లు నిలుచును గాని లోకము నిలువదు. బిందెను గుండ్రముగా త్రిప్పి ఆపినను లోపలి నీరు కొంతసేపు తిరుగుచుండునట్లే, దేహము ఆగినను చెవిలోని ద్రవము వెంటనే ఆగదు. కన్ను ఆగితిమని చెప్పును, చెవి ఇంకను తిరుగుచుంటిమని చెప్పును. ఈ రెండు సాక్ష్యములు పొసగకపోవుటచేతనే వికారము, వాంతి కలుగును. వియన్నా వైద్యుడు రాబర్ట్ బారనీ, చెవిని చన్నీట కడిగినప్పుడు రోగులకు తల తిరుగుటను గమనించి, ఈ అవయవము పనిచేయు తీరును శోధించి 1914వ సంవత్సరపు నోబెల్ బహుమానమును పొందెను.

ఆకాశమున ఈ ఒప్పులకుప్ప మఱింత తీవ్రము. 1797 అక్టోబరు 22న పారిస్‌లో గార్నెరిన్ బెలూనునుండి పారాచూటుతో దిగినప్పుడు అది ఉయ్యాలవలె విపరీతముగా ఊగెను. తరువాతి కాలమున గుడ్డ నడినెత్తిని రంధ్రముంచగా ఆ ఊపు తగ్గినది. 1959 నవంబరులో అమెరికా వైమానికుడు కిట్టింజర్ మిక్కిలి ఎత్తునుండి దూకగా, చిన్న పారాచూటు అతనికి చుట్టుకొని, నిమిషమునకు సుమారు 120 చుట్లు తిరిగి స్పృహ తప్పెను. తనంతట తాను విచ్చుకొను పారాచూటు అతని ప్రాణము కాపాడెను.

రెండవ కారణము గాలి పీడనము. వినోదార్థము దూకువారు పెక్కుసారులు 10,000 మొదలు 13,000 అడుగుల ఎత్తునుండి దూకి, అర నిమిషము మొదలు ఇంచుమించు ఒక నిమిషము వఱకు గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగముతో పడుదురు. క్రిందికి వచ్చుకొలది వెలుపలి పీడనము పెరుగును. మధ్యచెవిని గొంతుతో కలుపు సన్నని గొట్టము తెఱచుకొన్నప్పుడే లోపలి పీడనము దానితో సమమగును. జలుబు చేసినచో ఆ గొట్టము వాచి మూసికొనును. ఒక చెవి తెఱచుకొని ఒకటి మూసికొన్నను తల తిరుగవచ్చును. కావున జలుబుతో దూకరాదు. ఇది పిరికితనము కాదు, వివేకము.

ఇక చేయవలసిన పనులు. దూకుటకు ముందు రాత్రి చక్కగా నిద్రింపవలెను. ఖాళీ కడుపుతో గాని, సుష్టుగా భుజించి గాని పోరాదు. తేలిక ఆహారము, కావలసినన్ని మంచినీళ్లు చాలును. పారాచూటు విచ్చుకొన్న పిదప వేగముగా చుట్లు తిరుగక, దిగు దిశను చూచుకొనుచు, వికారము తోచినప్పుడు దిగంతరేఖపై చూపు నిలుపవలెను. మాటిమాటికి గుటక వేయుట, ఆవలించుట చెవులకు మేలు. ముక్కు మూసి ఊదినచో మెల్లగా ఊదవలెను గాని బలవంతము చేయరాదు.

నేలను దిగిన పిదప తల తిరిగినచో పట్టీలు వదులుచేసి, నీడలో కూర్చుండి, కదలని వస్తువుపై దృష్టి నిలుపవలెను. కొద్దికొద్దిగా నీరు త్రాగవలెను. పూర్తిగా తేఱుకొనువఱకు బండి నడపరాదు, మరల దూకరాదు. సాధారణముగా కొంతసేపటికే ఇది తగ్గును. చెవిపోటు ఉన్నదని నూనె పోయు అలవాటు మన ఇండ్లలో కలదు. కర్ణభేరి చినిగియున్నచో అది హానికరము.

మఱునాడు ప్రక్కమీద ఒత్తిగిలినప్పుడెల్ల క్షణకాలము లోకము గిరగిర తిరిగినచో, లోచెవిలోని సున్నపు కణములు స్థానము తప్పి నాళములో పడినవేమో అని వైద్యుడు పరీక్షించును. ముసలివారికి ప్రక్కమీదనుండి లేచునప్పుడు వచ్చు బాధ పలుమాఱు ఇదియే. అమెరికా వైద్యుడు ఎప్లీ 1992లో ప్రకటించిన పద్ధతి ప్రకారము తలను క్రమముగా త్రిప్పి ఆ కణములను మరల స్వస్థానమునకు చేర్చుదురు. మాత్రలు వికారమును అణచునే గాని కణములను కదల్పవు.

వినికిడి తగ్గినను, చెవినుండి నెత్తురు కాఱినను చెవి వైద్యుని కడకు వెంటనే పోవలెను. మాట తడబడినను, ఒకటి రెండుగా కనబడినను, కాలుసేతులు పట్టు తప్పినను, తలకు దెబ్బ తగిలినను, తీవ్రమైన తలనొప్పి గాని మెడనొప్పి గాని వచ్చినను, వాంతులు ఆగకున్నను క్షణమైనను ఆలసింపక ఆసుపత్రికి చేర్పవలెను.

చిరంజీవులారా! తోటివారు నవ్వుదురని తల తిరుగుటను దాచి మరల విమానమెక్కువాడు ధీరుడు కాడు. గాలిలో అతడు దిక్కు తప్పినచో అతనికే గాక ప్రక్కవానికిని ప్రమాదమే. "అయ్యా, నాకు నేడు బాగులేదు" అని గురువుతో చెప్పగలుగుటకును గుండె నిబ్బరము కావలెను. ఆ నిబ్బరము మీకు కలుగుగాక! మీరెంత ఎత్తునకు ఎగసినను క్షేమముగా నేలను చేరుదురుగాక!