దుభాషియు దస్త్రమును



పూర్వము మన పల్లెలలో కరణముగారి దస్త్రము ఊరికంతకును ప్రమాణముగ నుండెడిది. భూమి యెవరిది, శిస్తు ఎంత, బాకీ యెంత యను తగవు పుట్టినప్పుడు దస్త్రము విప్పి చూచెడివారు. 1984వ సంవత్సరమున ఆంధ్రప్రదేశమున కరణపు టుద్యోగము రద్దయ్యెను గాని దస్త్రము రద్దు కాలేదు. అది నేడు కంప్యూటరులో ప్రవేశించి డేటాబేసు అను పేర బరగుచున్నది. మీ పొలము వివరములు, బ్యాంకు ఖాతా, సొసైటీ అప్పు, ఇవన్నియు అట్టి దస్త్రములందే యున్నవి. అందు వ్రాయు కట్టడి ఎచ్చట నుండవలెను, ఒకచేయి వ్రాసినదానిని వేరొకచేయి చెరుపకుండుట యెట్లు అను విషయమును గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేసెదను. ఇట్టి దస్త్రములకు ప్రోగ్రాములు వ్రాయుట నా వృత్తి.

ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ పండితుడు 1970లో ఒక వ్యాసము ప్రకటించెను. లెక్కలన్నిటిని పట్టికలుగ నుంచి, వానికి గల పరస్పర సంబంధమును బట్టి కావలసినది రాబట్టవచ్చునని అందలి సారాంశము. నేటి డేటాబేసులలో అనేకము ఆ మార్గముననే నడచుచున్నవి. పట్టికలతో మాటలాడు భాషకు ఎస్.క్యు.ఎల్. అని పేరు.

ప్రోగ్రాములు వ్రాయువారి భాష వేరు. 1995లో వెలువడిన జావా మొదలగు భాషలలో వివరములను ప్రాయికముగ వస్తువులుగ భావింతురు. రైతు ఒక వస్తువు, అతని అప్పు మరియొక వస్తువు. పట్టికకు వరుసలును గడులును తప్ప వేరు తెలియదు. కుంపిణీ దొరలకును మన రైతులకును నడుమ దుభాషి నిలిచినట్లు, ఈ రెండు భాషలకు నడుమ ఒక ఉపకరణము నిలుచుచున్నది. దానినే ఆబ్జెక్టు రిలేషనల్ మ్యాపింగు అందురు. జావాకు అట్టి దుభాషులలో ప్రసిద్ధమైన హైబర్నేటును గేవిన్ కింగ్ అను నతడు 2001లో ఆరంభించెను. వాడుకలో సౌఖ్యమునుబట్టి నేను దీనిని దుభాషి యనియే పిలిచెదను.

ఇక రెండవ పాత్ర. దస్త్రములోనే వ్రాసి భద్రపరచిన కట్టడికి స్టోర్డు ప్రొసీజరు అని పేరు. ఒరాకిల్ డేటాబేసున ఇది 1992లోను, మైఎస్‌క్యుఎల్‌న 2005లోను ప్రవేశించెను. ఉదాహరణమునకు, ఒక రైతు సొసైటీలో 10,000 రూపాయలు నూటికి ఏడాదికి 12 రూపాయల వడ్డీకి తీసికొనెను. ఆరు నెలలకు 4,000 రూపాయలు కట్టెను. ముందు వడ్డీ 600 చెల్లవలెను, మిగిలిన 3,400 అసలుకు పోవలెను, అసలు 6,600 నిలువవలెను. ఈ లెక్కను గుమాస్తా వాడు ప్రోగ్రామున ఒకమారు, సెల్‌ఫోను ప్రోగ్రామున ఒకమారు, నెలాఖరు ప్రోగ్రామున ఒకమారు వ్రాసినచో, వడ్డీ మారిన దినమున మూడుచోట్ల దిద్దవలయును. ఒకచోట మరచినను ఒకే రైతునకు రెండు బాకీలు కనబడును. ఆ కట్టడిని దస్త్రములోనే ఒకచోట వ్రాసి, అందరును దానినే పిలువుడని నియమించినచో ఈ చిక్కు తీరును. అంతేకాక, పట్టికను ముట్టు హక్కు ఎవరికిని ఈయక, కట్టడిని పిలుచు హక్కు మాత్రమే యీయవచ్చును.

అయినచో కష్టమెచ్చట? దుభాషికి ఒక అలవాటు కలదు. పని జరుగుచున్నంతసేపు, ఒకమారు తెచ్చిన ఖాతాకు నకలు తనయొద్ద నుంచుకొనును. గుమాస్తా మన రైతు ఖాతాను తెరచెననుకొనుడు. నకలులో 10,000 అని యున్నది. పిమ్మట కట్టడిని పిలిచి 4,000 జమకట్టెను. దస్త్రములో 6,600 అయ్యెను. కట్టడి దస్త్రములోపల చేసిన పని దుభాషికి తెలియదు గనుక నకలు 10,000 గానే యుండెను. అంతట గుమాస్తా రైతు ఫోను నంబరును దిద్ది భద్రపరచెను. ప్రత్యేకముగ వేరువిధమున నియమింపనిచో, ఒక్క గడి మారినను హైబర్నేటు వరుసలోని గడులన్నిటిని మరల వ్రాయును. 6,600 మీద 10,000 పడెను! రశీదు రైతు చేతిలో నున్నది, బాకీ యథాపూర్వముగ నున్నది. ఎవరును దొంగిలింపలేదు, ఐనను రైతు నష్టపోయెను.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు, క్రమము తప్పకుండుటయే. మొదట, కట్టడిని పిలుచుటకు పూర్వము దుభాషియొద్ద వ్రాయక నిలిచియున్న మార్పులన్నిటిని దస్త్రమున కెక్కింపవలయును. లేనిచో కట్టడి పాత లెక్కను చూచి పనిచేయును. రెండవది, కట్టడికి లోనికి పోవు విలువ లెవ్వి, వెలికి వచ్చునవి యెవ్వి యని పేరు, జాతి చెప్పి పిలువవలయును. జావాలో ఇందుకు అందరకు సమానమైన పద్ధతి 2013లో ఏర్పడెను. విలువలను వాక్యములో అతికి పంపరాదు. అట్లు పంపినచో దుష్టుడు విలువకు మారుగా ఆజ్ఞనే వ్రాసి దస్త్రమును పాడుచేయగలడు. మూడవది, కట్టడి పని ముగిసినవెంటనే నకలును పారవైచి క్రొత్తది తెచ్చుకొనవలయును. ఇదంతయు ఒకే వ్యవహారముగ నడువవలయును. నడుమ ఏది చెడినను మొత్తము వెనుకకు పోవలయును గాని సగము నిలువరాదు.

మరియొక కాపుదల కలదు. ప్రతి వరుసకు ఒక సంఖ్య యుంచి, వ్రాసినప్పుడెల్ల దానిని ఒకటి పెంచవలయును. కట్టడియు దానిని పెంచవలయును. అప్పుడు పాత నకలు తెచ్చినవాని సంఖ్య దస్త్రపు సంఖ్యతో కలియదు గనుక, వ్రాత నిరాకరింపబడును.

అట్లని సర్వమును కట్టడులలో దాచుట మంచిదని నేననను. ఒక్కొక్క డేటాబేసు కట్టడి భాష ఒక్కొక్క మాండలికము. ఒరాకిలునకు వ్రాసినది పోస్ట్‌గ్రెస్‌కు మారునప్పుడు తిరిగి వ్రాయవలసి వచ్చును. పేరు చూచుట, చిరునామా దిద్దుట వంటి పనులు దుభాషికే విడువవచ్చును. పెక్కుమంది పిలుచునట్టియు, ధనముతో ముడిపడినట్టియు లెక్కలు దస్త్రములో నుండుట మేలు.

పెద్దలారా, మీలో పలువురు సొసైటీలకును సంఘములకును పెద్దలై యుందురు. క్రొత్త ప్రోగ్రాము చేయించునప్పుడు, వడ్డీ కట్టడి యెన్నిచోట్ల వ్రాసితిరి, జమ పడిన పిమ్మట తెరమీది లెక్కను దస్త్రమునుండి మరల తెత్తురా యని రెండు ప్రశ్న లడుగుడు. నెలకొకమారు రశీదుల మొత్తమును జమల మొత్తముతోడను, ఖాతాల బాకీలతోడను సరిచూడుడు. రశీదును మాత్రము భద్రముగ దాచుకొనుడు. దుభాషి యెంత నేర్పరియైనను, ప్రమాణము దస్త్రమే. దస్త్రము తప్పిననాడు రైతును కాచునది రశీదు.