ప్రభువు లేని కగా



జపాన్‌లో కగా అనగానే అక్కడివాళ్లకు మయేదా ప్రభువులు గుర్తొస్తారు. పది లక్షల కొకులకు పైబడిన సంస్థానం వాళ్లది. కొకు అంటే సుమారు 180 లీటర్ల బియ్యం, ఒక మనిషికి ఏడాది గ్రాసమని లెక్క. అయితే మయేదాలు రాకముందు దాదాపు తొంభై ఏళ్లు ఆ సీమను రైతులు, ఊరి పెద్దలు, చిన్నపాటి సమురాయ్‌లు, బౌద్ధ అర్చకులు కలిసి నడుపుకున్నారు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది వాళ్ల గురించే.

1471లో హొంగన్‌జి మఠాధిపతి రెన్యో, కగా పొలిమేరలోని యోషిజాకిలో మకాం పెట్టాడు. అమిదా బుద్ధుణ్ణి నమ్ముకుంటే పండితుడికైనా పామరుడికైనా సుఖావతి అనే పుణ్యలోకం దక్కుతుందన్నాడు. తన బోధను పండిత భాషలో కాక, చదివితే ఎవరికైనా అర్థమయ్యే ఉత్తరాలుగా రాసి పంపాడు. ఊరూరా జనం, మన భజన కూటాల్లాగే, 'కో' అనే కూటాల్లో చేరి వాటిని చదివించుకునేవారు. దైవచింతన కోసం కలిసినవాళ్లకు పన్నుల బాధ చెప్పుకునే చోటూ అదే అయింది.

కగా పాలకుడు తొగాషి మసచిక 1474లో ఈ భక్తుల అండతోనే సొంత తమ్ముణ్ణి ఓడించి గద్దెను నిలుపుకున్నాడు. ఆ తర్వాత వాళ్లనే అణచబోయాడు. దేశ సైనిక పాలకుడైన షోగున్ చేపట్టిన దండయాత్రకు తానూ వెళ్తూ ఆ ఖర్చు జనం నెత్తిన వేశాడు. 1488లో జనం తిరగబడి తకావో కోటను చుట్టుముట్టారు. మసచిక ఆత్మహత్య చేసుకున్నాడు. అదే వంశంలోని ఒక వృద్ధుణ్ణి పేరుకు పాలకుడిగా కూర్చోబెట్టారు, పెత్తనం మాత్రం కూటాలదే. పాలకుల్ని చులకన చేయొద్దని రెన్యో అంతకుముందే ఉత్తరాల్లో హెచ్చరించాడు. గురువు మాటను దాటి శిష్యులు అంత దూరం వెళ్లారంటే, వాళ్ల కష్టం ఎంతటిదో ఊహించండి.

దాన్ని రామరాజ్యమని నేను అనను. 1531లో మఠంలోని వర్గాలే కగాలో ఒకదానితో ఒకటి యుద్ధం చేశాయి. చివరకు హొంగన్‌జి పట్టు బిగిసింది. 1546లో కగాలోని కనజవాలో ఒయామ గొబో అనే పెద్ద ఆలయం వెలిసి, పాలనా అక్కణ్ణుంచే సాగింది.

1580లో, దేశాన్ని తన గుప్పిట్లోకి తెచ్చుకుంటున్న యుద్ధప్రభువు ఒదా నొబునగా సేనలు ఆ ఆలయాన్ని పట్టుకున్నాయి. కొండ పల్లెల జనం తొరిగోయె కోట దగ్గర ఇంకా పోరాడారు. 1582లో వాళ్లలో 300 మందికి పైగా జనాన్ని ఆ సేనలు తెదోరి నది ఒడ్డున కొయ్యలకు కట్టి చంపాయి. మరుసటి ఏడు మయేదా తొషిఇయే కనజవాలో అడుగుపెట్టాడు. ఇవాళ యాత్రికులు చూసే కనజవా కోట ఉన్నది ఆ రైతుల ఆలయం నిలిచిన చోటే.