ఇంజిన్ స్వాప్‌లో ఫ్యూయల్ పంపు: మెకానికలా, ఎలక్ట్రికా?

"అన్నా, పాత కార్బురేటర్ జిప్సీలో ఎంపీఎఫ్ఐ ఇంజిన్ వేస్తున్నా. ఫ్యూయల్ పంపు పాతదే ఉంచాలా, ఎలక్ట్రిక్ పెట్టాలా?" ఇలాంటి ప్రశ్న చాలామందికి ఉంటుంది. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు ఒక్క విషయం. పంపు ఏది పెట్టాలో నిర్ణయించేది మన ఇష్టం కాదు, ఇంజిన్‌కి కావలసిన ప్రెషర్.

మెకానికల్ పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. క్యామ్ తిరిగినప్పుడల్లా ఒక లివర్‌ని నొక్కుతుంది, లోపల డయాఫ్రమ్ కదులుతుంది, ట్యాంకులోంచి పెట్రోల్ లాగుతుంది. వచ్చే ప్రెషర్ సుమారు 3 నుంచి 6 పీఎస్ఐ. కార్బురేటర్‌కి అంతే చాలు. ఎంపీఎఫ్ఐకి మాత్రం దాదాపు 40 పీఎస్ఐ కావాలి. కారు టైర్లో మనం కొట్టించే గాలి 30 చిల్లర కదా, దానికంటే ఎక్కువన్నమాట! కాబట్టి 2000 తర్వాత వచ్చిన ఎంపీఎఫ్ఐ జిప్సీ ఇంజిన్ వేస్తే ఎలక్ట్రిక్ పంపు తప్పదు.

అలాగని "ఎలక్ట్రిక్ అయితే ఎక్కడైనా బెస్టే" అనుకోకండి. ఎంపీఎఫ్ఐ పంపు తెచ్చి కార్బురేటర్‌కి కలిపితే ఆ ప్రెషర్‌ని నీడిల్ వాల్వ్ ఆపలేదు. పెట్రోల్ పొంగి వేడి ఇంజిన్ మీద పడుతుంది. తర్వాత ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. కార్బురేటర్ ఇంజిన్‌కే మారుతున్నారా? హెడ్ మీద మెకానికల్ పంపు బిగించే చోటు ఉంటే హాయిగా అదే ఉంచండి. లేకపోతే 3, 4 పీఎస్ఐ ఇచ్చే లో-ప్రెషర్ ఎలక్ట్రిక్ పంపు తీసుకోండి.

మన ఎండల్లో ఎలక్ట్రిక్‌కి ఒక లాభం ఉంది. మెకానికల్ పంపు ముందు నుంచి లాగుతుంది. లాగే పైపులో ప్రెషర్ తగ్గుతుంది కాబట్టి వేడికి పెట్రోల్ త్వరగా ఆవిరై బండి ఆగిపోతుంది. దీన్నే వేపర్ లాక్ అంటారు. ఎలక్ట్రిక్ పంపు ట్యాంకులోనో, ట్యాంకు పక్కన కిందుగానో ఉండి ముందుకు నెడుతుంది, అందుకే ఆ బాధ తక్కువ.

ఇప్పుడు అసలు పాయింట్. మెకానికల్ పంపులో ఎవరూ చెప్పని ఒక సేఫ్టీ ఉంది: ఇంజిన్ ఆగితే పంపూ ఆగుతుంది. ఎలక్ట్రిక్ పంపు వైరుని నేరుగా ఇగ్నిషన్‌కి కలిపేశారనుకోండి. యాక్సిడెంట్‌లో ఇంజిన్ ఆగిపోయినా, కీ ఆన్‌లో ఉన్నంతసేపూ తెగిన పైపులోంచి పెట్రోల్ చిమ్ముతూనే ఉంటుంది. లోపల మనుషులు ఇరుక్కుని ఉంటే?

అందుకే ఎంపీఎఫ్ఐ అయితే పంపు రిలేని ఈసీయూ చేతిలోనే ఉంచండి. ఇంజిన్ తిరగడం లేదని తెలియగానే అదే ఆపేస్తుంది. కార్బురేటర్‌కి ఎలక్ట్రిక్ పెడితే ఆయిల్ ప్రెషర్ స్విచ్ ద్వారా రిలే నడపండి. గుద్దుకున్నప్పుడు కరెంట్ కట్ చేసే ఇనర్షియా స్విచ్ కూడా ఉంటే ఇంకా మంచిది. ఫ్యూజ్ మాత్రం తప్పనిసరి.

టెస్ట్ చాలా సింపుల్. కీ ఆన్ చేయండి, స్టార్ట్ చేయకండి. ఎంపీఎఫ్ఐ పంపు రెండు మూడు సెకన్లు మోగి ఆగాలి. ఆగకుండా మోగుతూనే ఉంటే బండి బయటికి తీయొద్దు, వైరింగ్ సరిచేయించండి.

పైపులూ మర్చిపోవద్దు. కార్బురేటర్ కాలం నాటి రబ్బరు పైపు 40 పీఎస్ఐకి తట్టుకోదు. ఇంజెక్షన్ రేటింగ్ ఉన్న పైపు, దానికి తగిన క్లిప్పులే వాడండి. ఇప్పుడొచ్చే ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కి పనికొస్తుందో లేదో కూడా అడిగి తీసుకోండి. ఇంజిన్ రైల్‌కి రిటర్న్ ఉంటే ట్యాంకు దాకా రిటర్న్ లైను కూడా వేయాల్సిందే.

చివరిగా, ఇంజిన్ మార్చే ముందే ఆర్టీఓ అనుమతి తీసుకోండి, ఆర్సీలో ఎక్కించుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పండి.

మీ బండిలో ఏ ఇంజిన్ వేస్తున్నారో, ఏ పంపు అనుకుంటున్నారో కామెంట్‌లో రాయండి. ఆ కీ ఆన్ టెస్ట్ మాత్రం ఈ రోజే చేసి చూడండి. ఉంటాను ఫ్రెండ్స్!