కుక్కపిల్లకి కాల్షియం సిరప్ పట్టేముందు ప్యాకెట్ వెనక చదవండి

కాశీబుగ్గ, టెక్కలి వైపు లాబ్రడార్ పిల్లని తెచ్చుకున్నవాళ్ల డౌట్ ఒకటే: "ఎముకలు గట్టిపడాలంటే కాల్షియం సిరప్ ఎంత పట్టాలి?"

ముందు అది ఏం తింటుందో చూడండి. పిల్లల కోసం చేసిన ప్యాకెట్ ఫుడ్ అయితే కాల్షియం అందులోనే కలిపి ఉంటుంది. అమెరికాలో ఆఫ్కో అనే సంస్థ లెక్క ప్రకారం, తేమ తీసేసి చూస్తే, ఎదిగే పిల్లల ఫుడ్‌లో కాల్షియం కనీసం 1.2 శాతం, ఫాస్ఫరస్ 1 శాతం ఉండాలి. లాబ్రడార్ లాంటి పెద్ద జాతి పిల్లలకైతే కాల్షియం 1.8 శాతం దాటకూడదు. ఎందుకంటే చిన్నపిల్లల పేగులు ఎక్కువైన కాల్షియాన్ని ఆపలేవు. ఆ ఫుడ్ మీద సిరప్ కూడా పడితే ఎముకలు సరిగ్గా ఎదగవు, కాళ్లు వంకరపోవచ్చు.

మరి రోజూ అన్నం, చికెన్ పెట్టే ఇళ్లలో? అక్కడ సీన్ రివర్స్. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. కాల్షియం ఫాస్ఫరస్‌కి సమానంగానైనా ఉండాలి, రెండింతలు మించకూడదు. తగ్గితే ఒళ్లు ఎముకల్లోంచే లాక్కుంటుంది. వీటికి కాల్షియం కావాలి, కానీ డోసు పశువుల డాక్టర్ చెప్పాలి. ఉడికించిన ఎముకలు మాత్రం వెయ్యొద్దు, విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి.

ఇంకోటి. కిడ్నీ జబ్బంటే ఏంటో మన ఉద్దానంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. అది కుక్కలకీ వస్తుంది. వస్తే ఫాస్ఫరస్ తగ్గించాలి. ముల్లుతో ఉన్న ఎండుచేపలో ఫాస్ఫరస్, ఉప్పు రెండూ ఎక్కువే. ప్రేమగా అడిగినా పెట్టకండి.

ఈరోజే ప్యాకెట్ తిప్పి ఆ రెండు అంకెలు చూడండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!